పిల్లికి కరెంటు ఫౌంటెన్: కొనే ముందు ఇవి తెలుసుకోండి

ఎండాకాలం వచ్చిందంటే రామగుండం పేరు వార్తల్లో వినిపిస్తుంది. మే నెలలో ఇక్కడ ఎండ 45 డిగ్రీలు దాటడం కొత్తేమీ కాదు. ఒకవైపు సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనులు, ఇంకోవైపు ఎన్టీపీసీ. మనుషులంటే కూలర్ ముందు కూర్చుని మజ్జిగ తాగుతారు. మరి ఇంట్లో పిల్లి సంగతేంటి? గిన్నె నిండా నీళ్లు పెట్టినా వాసన చూసి వెళ్లిపోతుంది. ఎవరైనా వుజూ కోసం నల్లా తిప్పితే మాత్రం పరుగెత్తుకొచ్చి ధార కింద నాలుక చాపుతుంది. ఈ అలవాటు చూసే కంపెనీలు పిల్లుల కోసం కరెంటు ఫౌంటెన్లు తయారుచేశాయి. ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెడితే ఇంటికే వస్తాయి. అయితే వీటితో నిజంగా లాభం ఉందా?

పిల్లి ఎందుకు తక్కువ తాగుతుంది?

ఇంటి పిల్లికి మూలం ఆఫ్రికా అడవి పిల్లి. పొడి నేలల్లో బతికిన జంతువు అది. దానికి కావాల్సిన నీళ్లు చాలావరకు ఎలుకలు, పిట్టల మాంసంలోనే దొరికేవి. అందుకే దాహం వేసినా గిన్నె దగ్గరికి పోవాలన్న తొందర పిల్లికి తక్కువ. నీళ్లు తక్కువైతే మూత్రాన్ని చిక్కగా చేసుకుని సర్దుకుంటుంది.

ప్యాకెట్ గింజల ఫుడ్ వచ్చాక చిక్కు మొదలైంది. 100 గ్రాముల గింజల్లో నీరు 10 గ్రాములకు అటూ ఇటూ ఉంటుంది. అదే తడి ఫుడ్‌లో 75 గ్రాముల పైనే. 4 కిలోల పిల్లికి తిండితో కలిపి రోజుకు సుమారు 200 మిల్లీలీటర్ల నీరు కావాలి. గింజలు మాత్రమే తినే పిల్లి మిగతాదంతా గిన్నెలోంచే తాగాలి. అంత తాగకపోతే మూత్రం చిక్కబడుతుంది, మూత్ర సమస్యలు పెరిగే వీలుంటుంది. మగ పిల్లికి మూత్రనాళం సన్నగా ఉంటుంది కాబట్టి అడ్డుపడే ప్రమాదం దానికే ఎక్కువ.

ఫౌంటెన్ లోపల ఏముంటుంది?

రెండు మూడు లీటర్ల తొట్టి, అందులో మునిగి ఉండే చిన్న పంపు, వెంట్రుకలు పట్టే స్పాంజి, వాసన తగ్గించే కార్బన్ ఫిల్టర్. అంతే. తిరిగేది ఆ నీళ్లే. ఫిల్టర్ చెత్తను ఆపుతుంది గానీ సూక్ష్మక్రిములన్నిటినీ చంపదు. చాలా మోడళ్లు 5 వోల్టుల ఫోన్ అడాప్టర్‌తో నడుస్తాయి. 2 వాట్ల పంపు రాత్రీ పగలూ తిరిగినా నెలకు యూనిటున్నర కరెంటు కూడా కాలదు.

పరిశోధనలు మాత్రం అంత గొప్పగా చెప్పడం లేదు. 2010లో వచ్చిన ఒక అధ్యయనంలో పిల్లులు ఫౌంటెన్‌తో కాస్త ఎక్కువ తాగాయి, కానీ మూత్రం చిక్కదనంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. 2019 నాటి ఇంకో అధ్యయనంలో మొత్తంగా పెద్ద తేడా లేదు. కొన్నింటికి ధార నచ్చింది, కొన్నింటికి నిలవ నీళ్లే నచ్చాయి. అంటే ఏ పిల్లి ఇష్టం దానిది. మీ పిల్లి సంగతి మీ ఇంట్లోనే తేలాలి.

రెండు వారాల పరీక్ష

మొదటి వారం మామూలు గిన్నెతోనే. రోజూ ఉదయం కొలిచి 500 మిల్లీలీటర్లు పోయాలి, మర్నాడు మిగిలింది కొలవాలి. అలాంటిదే ఇంకో గిన్నె పక్కనే పెట్టి, పిల్లికి అందకుండా జాలీ బుట్ట బోర్లించాలి. అందులో తగ్గినన్ని నీళ్లు ఆవిరైనట్టు లెక్క. మన ఎండల్లో, కూలర్ గాలిలో ఆ లెక్క తీసేయకపోతే పిల్లి తాగిందనుకున్నది గాలి తాగిందే అవుతుంది.

రెండో వారం ఫౌంటెన్. మొదటి రెండు రోజులు స్విచ్ వేయకుండా నీళ్లు మాత్రమే పోసి ఉంచితే పిల్లి బెదరదు. పాత గిన్నెను తీసేయొద్దు, రెండింటి లెక్కా కలపాలి. కదిలే నీళ్లు ఇంకాస్త ఎక్కువ ఆవిరవుతాయి కాబట్టి లిట్టర్ ట్రేలో తడి గడ్డలు ఎన్ని, ఎంత పెద్దవి అన్నది కూడా చూడాలి. రెండు వారాలూ తిండి మార్చకూడదు.

బొగ్గు ప్రాంతంలో జాగ్రత్తలు

గనుల దగ్గరి బస్తీల్లో, క్వార్టర్లలో పొద్దున తుడిచిన నేల సాయంత్రానికి నల్లబడుతుంది. ఆ దుమ్మే ఫౌంటెన్‌లోనూ పడుతుంది. వెంట్రుకలతో కలిసి స్పాంజిని మూసేస్తుంది. కాబట్టి నీళ్లు రోజూ మార్చాలి. వారానికి రెండుసార్లు ప్లగ్గు తీసి, పంపుతో సహా అన్ని భాగాలూ విప్పి కడగాలి. బోరు నీళ్లతో తెల్ల పొర కడితే సిర్కా కలిపిన నీళ్లలో నానబెట్టి, వాసన పోయేదాకా కడిగితే సరిపోతుంది. ప్లాస్టిక్ గీతల్లో జిగురు పేరుకుంటుంది, స్టీలు లేదా పింగాణీ మేలు.

కరెంటు పోయినప్పుడు పైగిన్నె ఎండిపోయే మోడల్ కొనొద్దు. ఇంట్లో వాళ్లు డ్యూటీకి, బడికి పోయాక పంపు ఆగితే పిల్లికి చుక్క నీరు దొరకదు. ఫౌంటెన్ ఉన్నా పక్కన ఒక గిన్నె ఉండాల్సిందే. తొట్టిలో నీళ్లు అడుగంటితే పంపు కాలిపోతుంది. వైరును పిల్లి కొరకకుండా గోడ వెంట బిగించాలి, ఎక్స్‌టెన్షన్ బోర్డు నీళ్లకు దూరంగా ఉంచాలి.

ఖర్చు లేని దారి

ఫౌంటెన్ కొనలేకపోతే బాధపడాల్సిన పని లేదు. మీసాలు తగలనంత వెడల్పు గిన్నెలు రెండు మూడు చోట్ల, లిట్టర్‌కు దూరంగా పెట్టండి. గింజల్లో గోరువెచ్చని నీళ్లు కలపండి. ఉప్పు లేకుండా ఉడికించిన చికెన్ నీళ్లు పోయండి. ఇంట్లో వండిన యఖ్నీ మాత్రం వద్దు, ఉల్లి, వెల్లుల్లి పిల్లికి విషం. పాలు నీళ్లకు బదులు కావు, చాలా పెద్ద పిల్లులకు అరగవు.

పిల్లి మూతి పెట్టిన నీళ్ల గురించి కొందరికి సందేహం ఉంటుంది. హజ్రత్ అబూ ఖతాదా (రజి) కోసం కోడలు వుజూ నీళ్లు పోస్తుంటే పిల్లి వచ్చింది. ఆయన పాత్రను వంచి దానికి తాగించారు. కోడలు ఆశ్చర్యపోతే, పిల్లి నజిస్ కాదని, అది ఇంట్లో మన చుట్టూ తిరిగే ప్రాణి అని ప్రవక్త (స) చెప్పిన మాట గుర్తుచేశారు. హదీసు గ్రంథాల్లో ఉన్న సంఘటన ఇది.

ఒక్క మాట మాత్రం మరవొద్దు. మగ పిల్లి మాటిమాటికీ లిట్టర్‌లో కూర్చుని ముక్కుతూ, అరుస్తూ, చుక్క మూత్రం రాకుండా ఇబ్బంది పడుతుంటే నీళ్లు తాగిస్తూ కూర్చోవద్దు, రేపటిదాకా ఆగొద్దు. అప్పటికప్పుడే పశువుల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. మూత్రం పూర్తిగా ఆగితే ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోవచ్చు. అలాగే ఎప్పుడూ లేనంతగా నీళ్లు తాగుతుంటే అది ఫౌంటెన్ గొప్పతనమని సంబరపడొద్దు. కిడ్నీ జబ్బుకు, షుగర్‌కు కూడా అది గుర్తు కావచ్చు.