మన గుణాన్ని ఏ కొలతతో కొలవాలి?

వ్యక్తిత్వం అంటే మన మాట, నడత, ఓర్పు, కోపం, కలుపుగోలుతనం అన్నీ కలిసినది. బియ్యాన్ని కిలోల్లో తూస్తాం, గుడ్డను మీటర్లలో కొలుస్తాం. వ్యక్తిత్వాన్ని మాత్రం మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రశ్నల కాగితంతో కొలుస్తారు. మనం అవును, కాదు అని గుర్తు పెడితే వాళ్లు మార్కులు వేస్తారు. అయితే ఒక దేశంలో తయారైన కాగితం ఇంకో చోట అట్లాగే పనికిరాదు. ఎందుకో చెప్తాను.

లండన్‌లో పనిచేసిన హాన్స్ ఐసెంక్, ఆయన భార్య సిబిల్ 1975లో ఒక ప్రశ్నావళి ప్రచురించారు. అందులో పార్టీల్లో హుషారు తెప్పించగలరా అనే రకం ప్రశ్నలున్నాయి. మా గదిలో పార్టీ అంటే ఏందని అడిగితే ఎక్కువమంది ఓట్ల పార్టీ అన్నారు! అబద్ధం చెప్పేవాళ్లను పట్టుకోవటానికి కూడా కొన్ని ప్రశ్నలు పెట్టారు. తినేముందు ఎప్పుడూ కడుక్కుంటారా అనేది అందులో ఒకటి. అవును అంటే మంచి పేరు కోసం అన్నట్టు లెక్క. మనమేమో గంట కొట్టగానే కుళాయి దగ్గర లైను కడతాం. మన అవును నిజమే కదా!

చాలామంది శాస్త్రవేత్తలు వ్యక్తిత్వంలో ఐదు ముఖ్య గుణాలుంటాయంటారు. బొలీవియా అడవుల్లో చిమానే అనే ఆదివాసులున్నారు. వేట, చేపలు, పోడు వాళ్ల బతుకు. వాళ్లలో 632 మందిని వాళ్ల భాషలోనే అడిగి 2013లో ఫలితం ప్రచురించారు. ఆ ఐదూ అక్కడ సరిగ్గా కనబడలేదు. పదిమందికీ మంచిగా ఉండటం, కష్టపడి పనిచేయటం అనే రెండే ముఖ్యంగా కనబడ్డాయి.

అందుకే ప్రశ్నలను మన బతుక్కి తగ్గట్టు మార్చుకోవాలి. ముందు మన భాషలోకి తేవాలి. ఇంకొకరు దాన్ని మళ్లీ మొదటి భాషలోకి మార్చి అర్థం చెడిందేమో చూడాలి. తర్వాత కొద్దిమందిని అడిగి, ఏమి అర్థమైందో చెప్పించుకోవాలి. చివరికి మన మార్కులను మనలాంటి పిల్లల మార్కులతోనే పోల్చాలి.

కిందటేడు బయటివాళ్లు వచ్చి మాకు ఇట్లాంటి కాగితం ఇచ్చారు. కొత్తవాళ్లతో నువ్వే ముందు మాట్లాడతావా అని ఉంది. మాది కోయగూడెం. మా ఇంట్లో పెద్దవాళ్లు పలకరించాకే పిల్లలు మాట్లాడాలి. కాదు అని పెట్టాను. నాకు, మా గూడెం పిల్లలకు "కలుపుగోలుతనం తక్కువ" అని రాశారు. మాలో ఒకమ్మాయి రాత్రి గదిలో కోయలో కథలు చెప్పి అందరినీ నవ్విస్తుంది. పొద్దున తరగతిలో తెలుగులో "ప్రెజెంట్ టీచర్" తప్ప ఏమీ అనదు. వీళ్లు కొలిచింది పొద్దుటి పిల్లనే.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో ఎనిమిది గిరిజన భాషల్లో చిన్నపిల్లల చదువు మొదలుపెట్టారు. అందులో కోయ కూడా ఉంది. పాఠాన్ని మన భాషలోకి తెచ్చినప్పుడు ప్రశ్నను ఎందుకు తేకూడదు?

వార్డెన్ గారికి, టీచర్లకు నా మనవి. పెనుగొలను వచ్చిన కొత్త పిల్ల మాట్లాడకపోతే రికార్డులో వెంటనే సిగ్గరి అని రాయకండి. ఆ పిల్ల ఇంకా భాష, పద్ధతులు నేర్చుకుంటూ ఉంటుంది. ఒక్కసారి రాత్రిపూట మా గదికి వచ్చి, వాళ్ల భాషలో ఎట్లా మాట్లాడుతుందో విని, అప్పుడు రాయండి.

— 9వ తరగతి విద్యార్థిని