మీకు తెలుసా? టైరు మీద రాతలు

ఉష్ణోగ్రత 7 డిగ్రీల కంటే తగ్గితే ‘సమ్మర్’ టైరు రబ్బరు గట్టిపడి పట్టు తగ్గుతుంది. ప్రత్తిపాడులో అంత చలి ఎక్కడిది! గుంటూరుకు రోజూ తిరిగే స్పోర్ట్స్ కారుకు ఆ టైర్లు ఏడాది పొడవునా పనికొస్తాయి.

టైరు పక్కన ‘వి’ అని ఉంటే గంటకు 240, ‘డబ్ల్యూ’కు 270, ‘వై’కి 300 కిలోమీటర్ల వేగం వరకు తట్టుకుంటుంది. మనకు అంత వేగం దేనికి? తడిరోడ్డు మీద బ్రేకు పట్టే ముఖ్యం. ట్రాక్షన్ గ్రేడు ముద్రించి ఉంటే అందులో ‘ఏఏ’ అన్నిటికన్నా మేలు. అయితే ట్రాక్టర్ చక్రాలతో నల్లరేగడి బురద తారు రోడ్డెక్కిందంటే ఏ టైరైనా జారుతుంది, నెమ్మదిగానే పోవాలి.

టైరు మీద తయారీ తేదీ అంకెలు 2325 అయితే 2025లో 23వ వారం అని. కొనేముందు తప్పక చూడండి.