పెరటి చెట్టు – నాలుగు నెలల ఎడారి

ఈ సంవత్సరపు సంచికకు ఏదైనా రాసి ఇమ్మని విద్యార్థి సంఘం వారు అడిగారు. వృక్షశాస్త్రం చదువుకున్నవాణ్ణి, భీమునిపట్నంలో కాపురం ఉంటున్నవాణ్ణి కనుక చెట్ల సంగతే రాస్తున్నాను. అడవుల గురించి రాసేవారు చాలామంది ఉన్నారు. నేను రాసేది మన ఇంటి పెరట్లో ఉన్న ఒకటి రెండు చెట్ల గురించి మాత్రమే.

"సముద్రం పక్కనే ఉన్నాం, మనకి నీటి బాధేమిటండీ?" అంటారు. లెక్క చూద్దాం. మన ప్రాంతంలో సాలుకు సుమారు వెయ్యి మిల్లీమీటర్ల వాన పడుతుంది. అమెరికాలోని ఎడారి నగరం ఫీనిక్స్‌లో పడేది సుమారు 200. దానితో పోలిస్తే మనం భాగ్యవంతులమే. కాని మన వానలో అధిక భాగం జూన్ నుంచి నవంబరు లోపలే కురిసిపోతుంది. జనవరి మొదలు ఏప్రిల్ దాకా నాలుగు నెలలూ కలిపినా సగటున వంద మిల్లీమీటర్లు దాటదు. ఆ పైన రోహిణీకార్తె ఎండ. కింద ఇసుక. అంటే చెట్టు దృష్టిలో మనది ఏటా నాలుగైదు నెలల పాటు ఎడారే. ఎడారి పట్టణాల వాళ్లు చెట్లను ఎలా సాకుతారో ఆ పద్ధతులు మనకీ పనికివస్తాయనడానికి ఇంతకంటె కారణం అక్కరలేదు.

ఇసుక నేల గుణం తెలిస్తే సగం పని తెలిసినట్టే. గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటినుంచి విశాఖ వైపు ఎర్రమట్టి దిబ్బల దాకా నడిచి చూడండి, ఎక్కడ తవ్వినా మట్టి పిడికిట్లో నిలవదు. నీరు పోస్తే జర్రున దిగిపోతుంది, పైపొర రెండు రోజుల్లో ఆరిపోతుంది. అందుచేత మనవాళ్లు రోజూ సాయంత్రం మొదట్లో రెండు చెంబులు పోసి, "పాపం, చల్లబడింది" అనుకుంటారు. చెట్టుకి అందులో దక్కేది దాదాపు ఏమీ లేదు. మొదలు దగ్గర నీరు పీల్చే వేళ్లు తక్కువ. పీల్చేవి సన్నని పిల్లవేళ్లు, అవి కొమ్మల నీడ అంచు దాకా, ఇంకా అవతలికి కూడా, పైనున్న రెండడుగుల మట్టిలోనే పరుచుకుని ఉంటాయి. రోజూ పైపైన తడిపితే అవి పైకే వచ్చి, వేసవిలో మాడిపోతాయి.

మరి ఎంత పోయాలి? మొదలు నుంచి మీటరున్నర దూరం దాకా గుండ్రంగా పాదు చేశామనుకుందాం. దాని వైశాల్యం సుమారు 7 చదరపు మీటర్లు. 45 సెంటీమీటర్ల లోతు తడవాలంటే తడపవలసిన మట్టి మూడు ఘనమీటర్ల పైచిలుకు. ఇసుక మట్టి తన పరిమాణంలో ఎనిమిదో వంతు కాదు, నూటికి ఎనిమిది పాళ్లు నీరు పట్టుకుంటుందనుకుంటే 250 లీటర్లు. పదిహేను లీటర్ల బకెట్టుతో పదిహేడు బకెట్లు! ఒక్కసారిగా కాదు, ఇంకనిస్తూ పోయాలి. మళ్లీ ఎనిమిది పది రోజుల దాకా ఆ వైపు వెళ్లనక్కరలేదు. నల్లమట్టి ఉన్న ఊళ్లవారు వ్యవధి ఇంకా పెంచుకోవచ్చు. తడిసిందో లేదో తెలియడానికి సన్నని ఇనుప ఊచ గుచ్చి చూడండి. తడిసినంత మేర సులువుగా దిగుతుంది, పొడిమట్టి తగలగానే మొరాయిస్తుంది.

ఇంకో సంగతి ఉప్పు. తీరం దగ్గర బోరునీళ్లు చాలా చోట్ల ఉప్పదేరుతున్నాయి. ఆ నీటిని కొంచెం కొంచెంగా పోస్తే నీరు ఆవిరైపోతుంది, ఉప్పు వేళ్ల దగ్గర పేరుకుంటుంది. ఆకు చివరలు, అంచులు గోధుమరంగుకి తిరిగి మాడినట్టు కనిపిస్తే చాలామంది నీరు చాలలేదనుకుని మరో రెండు చెంబులు పోస్తారు. కావలసింది నెలకొకసారైనా పాదు నిండా పోసి ఆ ఉప్పును వేళ్ల కిందికి దించడం. నూతి నీరు మంచిదైతే చిన్న మొక్కలకు అదే వాడండి. మొక్క పక్కన మట్టికుండ మెడదాకా పాతి నీళ్లు నింపే పద్ధతి ఉందే, అది చైనాలో క్రీస్తుపూర్వం ఒకటో శతాబ్దం నాటి వ్యవసాయ గ్రంథంలోనే ఉంది. కుండ చెమ్మగిల్లుతూ మొక్కకు కావలసినంతే ఇస్తుంది. ఇజ్రాయెల్ వారు 1960లలో ప్లాస్టిక్ గొట్టాలతో బిందుసేద్యం తెచ్చారు గాని, నెలకొకసారి ఊరెళ్లే ఉద్యోగస్తులకి నేను ఇప్పటికీ కుండే చెబుతాను.

పాదులో రాలిన ఆకులు ఊడ్చి తగలబెట్టడం మన ఇళ్లలో పరిశుభ్రత కింద లెక్క. అయ్యో, అది చెట్టు తన కోసం వేసుకున్న దుప్పటి సుమండీ! ఎండుటాకులో, కొబ్బరిపీచో మూడు నాలుగు అంగుళాల మందాన పరిస్తే తేమ నిలుస్తుంది, వేడి దిగదు. మొదలుకి మాత్రం ఆనించకూడదు, జానెడు ఖాళీ ఉంచాలి, లేకపోతే బెరడు కుళ్లుతుంది. ఇక మొదలు దాకా సిమెంటు చేయించేవారితో నాకు పేచీ. ఇల్లు కొత్తగా కట్టిన వీధుల్లో ఒకటి తరవాత ఒకటి ముప్ఫయ్యేళ్ల వేపలు ఎండిపోవడం చూశాను. "తెగులండీ" అంటారు. నిజంగా తెగులూ ఉంది. 2021 ప్రాంతాల తెలంగాణలో వేపచెట్ల కొమ్మలు చివరనుంచి ఎండుతూ వచ్చాయి, అది శిలీంధ్రం వల్ల వచ్చేది. కాని చాలా వేపలు ఆ తరవాత మళ్లీ చిగిర్చాయి కూడా. సిమెంటు కింద వేళ్లకు గాలి, నీరు అందని చెట్టుకి ఆ చిగుళ్లు వేసే సత్తువ ఎక్కడిది?

ఇప్పుడు గాలి సంగతి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చిపోయిన మర్నాడు మా వీధిలో నీడ లేదు. నిలబడ్డ చెట్లకి కూడా ఆకు లేదు, ఉన్న ఆకు ఉప్పుగాలికి మాడి నిప్పు తగిలినట్టుంది. మా వేప సగం కొమ్మలు విరిగి, ఓ పక్కకి కాస్త ఒరిగింది. పక్కింటి పెద్దావిడ చూసి, "మాస్టారూ, ఇదింక బతకదు, కొట్టించీండి, మళ్లీ గాలొస్తే ఇంటిమీద పడిపోద్ది" అన్నారు. ఆవిడ భయం ఉత్తది కాదు. అందుకే ముందు చుట్టూ మట్టి పరీక్షించాను. గాలి వచ్చిన వైపు నేల పగిలి పైకి లేచిందా? మొదట్లో బెరడు చీలిందా? రెండూ లేవు. ఉంటే నేనే కొట్టించేవాణ్ణి.

విరిగిన కొమ్మలను సరిగా కోయించడం తరవాతి పని. కొమ్మ కాండంతో కలిసేచోట ఉబ్బుగా ఒక పట్టీ ఉంటుంది. దాన్ని కోయకూడదు, దానికి కొంచెం ఇవతలే కోయాలి. పెద్దకొమ్మకైతే ముందు కిందినుంచి గాటు పెట్టి, తరవాత అడుగు దూరంలో పైనుంచి కోసి బరువు దించి, చివరికి మొండెం తీయాలి. లేకపోతే బెరడు చీరుకుంటూ కాండం దాకా వస్తుంది. గాయానికి తారు పూసే అలవాటుంది. అమెరికాలో అలెక్స్ షైగో అనే శాస్త్రజ్ఞుడు వేలాది చెట్లను కోసి చూసి, చెట్టు గాయాన్ని మాన్చుకోదు, చుట్టూ గోడ కట్టి వేరుచేస్తుందనీ, పూతల వల్ల కుళ్లు ఆగదనీ తేల్చాడు. సున్నం మాత్రం పూయించాను, గాయానికి కాదు, కాండానికి. నీడ పోయిన బెరడు మీద పడమటి ఎండ నేరుగా తగిలితే పగుళ్లిస్తుంది, తెలుపు ఆ వేడిని తిప్పికొడుతుంది.

ఎదురింటివారి లేత గంగరావి పూర్తిగా పడిపోయింది. మణికట్టు లావుది. వేళ్ల మీద తడిగోనె కప్పి, మర్నాడే నలుగురం పట్టి లేపి, మూడు గుంజలు పాతి, కాస్త వదులుగా కట్టాం. బిగించి కడితే కాండం ఊగదు, ఊగని కాండం బలియదు. ఏడాదికల్లా గుంజలు తీసేశారు, ఇప్పుడది వీధికంతటికీ నీడ. మహావృక్షాలను ఇలా లేపవచ్చని ఎవరూ ఆశపడవద్దు. 2018 అక్టోబరులో తిత్లీకి ఉద్దానంలో కూలిన కొబ్బరి తోటల సంగతి తెలిసినవారికి ఆ కష్టం చెప్పనక్కరలేదు.

కొత్తగా నాటేవారు ఉప్పుగాలికి ఓర్చేవే ఎంచుకోండి. గంగరావి, పొన్న, గానుగ, వేప. తురాయి పూలు అందమే గాని కొమ్మ పెళుసు, ఇంటికి దూరంగా వేయండి. గొయ్యి మేనెలలోనే తవ్వి ఉంచి, తొలకరికి నాటితే అక్టోబరు గాలుల లోగా వేరు కొంత పట్టు దొరకబుచ్చుకుంటుంది. సంచిలో చుట్టలు చుట్టుకున్న వేళ్లను విడదీసి గాని నాటవద్దు, అలాగే పాతిన చెట్టు పదేళ్లకైనా ఆ ముడి దగ్గరే ఊడి పడుతుంది. గంగరావికి మొక్క కొననక్కరలేదు, వానల్లో బలమైన కొమ్మ పాతితే వేరు వేస్తుంది.

మా వేప ఇప్పుడు డాబా దాటి పెరిగింది. నీడ అంచు గోడ దాకా వచ్చింది గనుక పాదు మరో రెండడుగులు వెడల్పు చెయ్యాలి. సంక్రాంతి వెళ్లగానే గునపం తీస్తాను.