నిప్పు కట్టిన దీవి, వాన చెక్కిన దీవి

పుదుచ్చేరిలో చదువుకునే మనకు వానాకాలం జూన్‌లో రాదు. ఆంధ్రలో, తెలంగాణలో మన తాతయ్యల ఊళ్ళు తడిసి, నాట్లు కూడా అయిపోయాక, అక్టోబరులో ఈశాన్య రుతుపవనాలతో ఇక్కడ వానలు అందుకుంటాయి. 2024 నవంబరు 30న ఫెంగల్ తుఫాను తీరం దాటినప్పుడు ఒక్క రోజులో 45 సెంటీమీటర్లకు మించి వాన పడింది. వీధులన్నీ కాలువలయ్యాయి.

ఇంతకు మించిన వాన ఉంటుందా? ఉంటుంది. 1966 జనవరి 7, 8 తేదీల్లో రీయూనియన్ దీవిలోని ఫోక్ ఫోక్ అనే చోట 24 గంటల్లో 182 సెంటీమీటర్ల వాన కురిసింది. పుదుచ్చేరిలో ఏడాది మొత్తం కురిసే వాన కంటే ఇది ఎక్కువ. ఒక్క రోజు వానలో ఇప్పటికీ ఇదే ప్రపంచ రికార్డు.

ఈ దీవి మన ఊరికి నైరుతి దిక్కున, సుమారు నాలుగున్నర వేల కిలోమీటర్ల దూరంలో, హిందూ మహాసముద్రంలో ఉంది. అది ఫ్రాన్స్ దేశంలో భాగం. పుదుచ్చేరి, యానాం కూడా 1954 వరకు ఫ్రెంచివారి పాలనలోనే ఉండేవి. అందుకే తెలుగు మాట్లాడే మేం నలుగురం అట్లాసు ముందు వేసుకుని, వాన రోజున ఆ దీవి చుట్టూ కారులో తిరిగితే ఏమేం కనిపిస్తాయో తెలుసుకున్నాం. మీరూ మాతో రండి.

ముందుగా ఆ దీవి ఎలా పుట్టిందో చూద్దాం. భూమి లోతుల్లోంచి కొన్నిచోట్ల విపరీతమైన వేడి ఎప్పుడూ పైకి తన్నుకొస్తుంటుంది. దాన్ని ఒక పొయ్యి అనుకుందాం. పొయ్యి దాదాపు ఉన్నచోటే ఉంటుంది. దాని మీది భూఫలకం మాత్రం మెల్లగా జరుగుతూ పోతుంది. సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరాల క్రితం ఆ పొయ్యి మీద ఉన్నది మన భారతదేశమే. అప్పుడు పొంగిన లావా గడ్డకట్టి దక్కన్ పీఠభూమిలోని నల్లరాయి అయిందని శాస్త్రవేత్తలు చెబుతారు. రాజమహేంద్రవరం దగ్గర క్వారీల్లో కనిపించే నల్లరాయి కూడా ఆ కాలానిదే. తరువాత మన దేశం ఉత్తరానికి జరిగిపోయింది. మన భాషలో చెప్పాలంటే, పొయ్యి అక్కడే ఉండిపోయింది, మన దేశానికే బదిలీ అయింది! ఆ పొయ్యి మీద ఇప్పుడున్నది రీయూనియన్.

ఇక ప్రయాణం. దీవి చుట్టూ తీరం పొడవు 200 కిలోమీటర్ల పైచిలుకు. ఒక్క రోజులో చుట్టి రావచ్చు. కానీ వాన రోజున ఎటు వెళ్ళాలి? దీవి మధ్యలో 3,070 మీటర్ల ఎత్తున్న పితోన్ దే నేజ్ అనే పాత అగ్నిపర్వతం ఉంది. అది ఇప్పుడు నిద్రపోతోంది. తూర్పు నుంచి వచ్చే తేమగాలులు ఈ కొండలకు కొట్టుకుని పైకి లేస్తాయి. పైకి వెళ్ళే కొద్దీ చల్లబడి వానగా మారతాయి. అందువల్ల తూర్పు వైపు పచ్చగా, తడిగా ఉంటుంది. కొండ దాటేసరికి గాలిలో తేమ తగ్గిపోయి, పడమటి తీరం పొడిగా ఉంటుంది. ఒకే రోజు, ఒకే దీవిలో, ఒక వైపు గొడుగు, ఇంకో వైపు ఎండ! పడమటి కనుమలు ఇలాగే కేరళను తడిపి, అవతలి వైపును పొడిగా ఉంచుతాయని భూగోళంలో చదివాం కదా, అదే సూత్రం.

మేం తూర్పు దారి పట్టాం. ముఖ్యపట్టణం సెయింట్ డెనిస్ దాటితే చెరకు తోటలు, సెయింట్ ఆంద్రేలో మన దక్షిణాది పద్ధతిలో కట్టిన గోపురాలు కనిపిస్తాయి. ఇంకా దిగువకు వెళ్తే సెయింట్ రోజ్ దగ్గర ఒక చర్చి ఉంది. 1977లో లావా ఊరి మీదకు వచ్చి, చర్చి గుమ్మం దాకా చేరి, రెండు పాయలుగా చీలి పక్కలకు పోయింది. ఇళ్ళు కాలిపోయాయి, చర్చి నిలిచింది. అప్పటి నుంచి దాన్ని లావా మాత చర్చి అని పిలుస్తున్నారు.

ఆ తరువాత రోడ్డు నల్లని లావా మైదానం మీదుగా సాగుతుంది. పైన ఉన్నది పితోన్ ద లా ఫూర్నేజ్, అంటే కొలిమి శిఖరం. ఎత్తు 2,632 మీటర్లు. ప్రపంచంలో తరచుగా బద్దలయ్యే అగ్నిపర్వతాల్లో ఇది ఒకటి. 2007 ఏప్రిల్‌లో దీని లావా రోడ్డును కప్పేసి సముద్రంలో కలిసింది. పైన గట్టిపడినా లావా లోపల చాలా కాలం వేడిగానే ఉంటుంది. వాన నీళ్ళు పగుళ్ళలోకి దిగితే ఆవిరి లేస్తుంది. వేడి పెనం మీద నీళ్ళు చల్లినట్టే. ఎండ రోజున కనిపించని ఈ వింత వాన రోజునే బాగా కనిపిస్తుంది.

నిప్పు కట్టిన దీవిని వాన చెక్కుతోంది. పాత అగ్నిపర్వతం చుట్టూ సలాజీ, సిలావోస్, మఫాత్ అనే మూడు పెద్ద లోయలున్నాయి. సిలావోస్ వెళ్ళే దారిలో 400కు పైగా మలుపులున్నాయి. మఫాత్‌కు అసలు రోడ్డే లేదు, నడిచి వెళ్ళాలి, లేదా హెలికాప్టర్ ఎక్కాలి. ఈ కొండలు, లోయలు 2010లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి. వాగులు చిన్నవి, వాలు ఎక్కువ. పైన వాన పడితే కింద క్షణాల్లో వరద వస్తుంది. నీళ్ళు పారుతున్న దారిని దాటకూడదని అక్కడి పిల్లలకు చిన్నప్పుడే నేర్పుతారు. తుఫాను వచ్చేటప్పుడు నారింజ హెచ్చరిక ఇస్తే బడులు మూస్తారు, ఎరుపు హెచ్చరిక ఇస్తే ఎవరూ బయటికి రాకూడదు. వాన సెలవు మనకొక్కరికే కాదన్నమాట!

ఈ దారిలో మాకు అన్నిటికన్నా ఎక్కువగా గుర్తుండిపోయింది మనుషుల కథ. 1828లోనే మన యానాం నుంచి తెలుగువాళ్ళు ఒప్పంద కూలీలుగా ఆ దీవికి ఓడ ఎక్కారు. 1848లో అక్కడ బానిసత్వం రద్దయ్యాక చెరకు తోటలకు ఇంకా మనుషులు కావలసివచ్చారు. పుదుచ్చేరి, కారైకాల్ రేవుల నుంచి కూడా వేలమంది వెళ్ళారు. చాలామంది తిరిగి రాలేదు. వాళ్ళ మునిమనుమలకు గుళ్ళున్నాయి, పండుగలున్నాయి, పేర్లున్నాయి. ఇంట్లో మాట్లాడేది మాత్రం క్రియోల్, ఫ్రెంచి.

పక్కనే ఉన్న మారిషస్ కూడా అగ్నిపర్వతం కట్టిన దీవే. యానాం పక్కనున్న కోరంగి రేవు నుంచి వెళ్ళిన మనవాళ్ళను అక్కడ కొరింగీలు అన్నారు. వాళ్ళూ చెరకు తోటల్లోనే పనిచేశారు. కానీ సంఘాలు పెట్టుకుని పిల్లలకు తెలుగు చెప్పించారు. నేటికీ అక్కడి బడుల్లో తెలుగు నేర్పుతారు. ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది ఆ చిన్న దేశంలోనే.

మనమూ అమ్మానాన్నల ఉద్యోగాల వల్ల మూడు నాలుగేళ్ళకొక ఊరు మారుతుంటాం. మనలో చాలామందికి తెలుగు మాట్లాడటం వచ్చు, రాయడం రాదు. అమ్మమ్మ వాట్సాప్‌లో తెలుగులో పంపితే ఇంగ్లీషు అక్షరాల్లో జవాబిస్తాం. భాష ఒక్క రోజులో పోదు. వాన కొండను కోసినట్టు, కొంచెం కొంచెంగా పోతుంది. అది నిలవాలన్నా అంతే, కొంచెం కొంచెంగా నేర్చుకోవాలి. ఈసారి వాన సెలవు ఇచ్చినప్పుడు అట్లాసు తెరిచి యానాం, కోరంగి, మారిషస్, రీయూనియన్‌లను వెతకండి. తరువాత అమ్మమ్మకు ఒక్క పేజీ ఉత్తరం, తెలుగు అక్షరాల్లోనే రాయండి. తప్పులుంటే ఆవిడే దిద్దుతారు.