తప్పు మనదైనప్పుడు...

బండికి పడిన సొట్టను మేస్త్రీ ఒక్క పూటలో సరిచేస్తాడు. ఆ సొట్ట పక్కన నిలబడి మనిషి ఆడిన అబద్ధాన్ని సరిచేసే మేస్త్రీ మాత్రం ఎక్కడా దొరకడు. ఈ సంగతి నాకు నా ఇంటివారి కారు దగ్గరే తెలిసివచ్చింది.

2023 వేసవిలో ఒక శుక్రవారం. కర్నూలు పాతబస్తీలో జుమా నమాజు ముగించుకుని మేనల్లుడి కారులో ఇంటికి బయలుదేరాను. మసీదు పక్క సందు ఇరుకు. వెనక్కి తీస్తే తప్ప కారు రోడ్డు మీదికి రాదు. మా వాడు ఫోన్‌లో మాట్లాడుతూనే రివర్స్ గేరు వేశాడు. నేను "ఆగు, ఆగు" అనేలోపే మా వెనక బంపరు రోడ్డున పోతున్న మరో కారు తలుపుకు తగిలింది. అల్లాహ్ దయవల్ల ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆ కారు తలుపు సొట్టపోయింది, మా బంపరు పగిలింది.

దిగీ దిగగానే మా వాడు అన్న మొదటి మాట, "కళ్లు కనబడవా? సందు మొగలో అంత వేగమా?"

అవతలి అబ్బాయిది పొరుగూరు. పక్కన భార్య, ఆమె ఒడిలో చంటిబిడ్డ. "నేను నిదానంగానే వస్తున్నానండీ. మీరే చూసుకోకుండా వెనక్కి వచ్చారు" అన్నాడు. నిమిషంలో ఇరవై మంది మూగారు. అందరూ మా పేటవారే. జరిగింది చూసినవారు ఇద్దరో ముగ్గురో. తీర్పు చెప్పినవారు మాత్రం ఇరవై మందీ! "ఐదు వేలు పెట్టించి పంపండి" అని కూడా ఒకరన్నారు.

అప్పుడు మా వాడు నా వైపు తిరిగాడు. "మామూ, మీరు చెప్పండి. అతను వేగంగా రాలేదా?"

దశాబ్దాలుగా పిల్లలకు పాఠాలు చెప్పినవాడిని కనుక అక్కడ నా మాటకు విలువ ఉంది. నిజం చెప్పాలంటే నేను వెంటనే నోరు విప్పలేదు. "నాకు సరిగా కనబడలేదు" అని తప్పుకుందామనే ఆలోచన వచ్చింది. అదీ అబద్ధమే కదా! సాక్ష్యం మనకూ, మన తల్లిదండ్రులకూ, బంధువులకూ వ్యతిరేకంగా పోయినా న్యాయం పక్షాన నిలవాలన్నది ఖుర్ఆన్‌లోని సూరె నిసా 135వ ఆయతు సారాంశం. ఎన్నోసార్లు బోధించాను. బోధించడం ఎంత తేలికో ఆ మధ్యాహ్నం తెలిసింది.

"తప్పు మనదే నాయనా. ఫోన్ మాట్లాడుతూ వెనక్కి తీశావు" అన్నాను. గుంపు మెల్లగా పలచబడింది.

నియమాలు ఏమంటున్నాయి?

"పెద్ద బండిదే తప్పు", "వెనక బండిదే తప్పు" అని జనం అలవాటుగా అంటుంటారు. చట్టం అలా కళ్లు మూసుకుని తేల్చదు. ఎవరు ఏ జాగ్రత్త తీసుకోలేదో చూస్తుంది. 2017లో వచ్చిన మోటారు వాహనాల డ్రైవింగ్ నిబంధనల ప్రకారం, వెనక్కి తీసేవాడు ఎవరికీ ప్రమాదం లేదని ముందుగా నిర్ధారించుకోవాలి. ముందు బండికి తగినంత దూరంలో నడపాలి. 2019 సవరణ తర్వాత, బండి నడుపుతూ చేతిలో ఫోన్ వాడటాన్ని చట్టం ప్రమాదకరమైన డ్రైవింగ్‌గానే పరిగణిస్తోంది. కొన్ని ప్రమాదాలలో ఇద్దరి తప్పూ ఉంటుంది. అప్పుడు న్యాయస్థానం బాధ్యతను పాళ్ల ప్రకారం పంచుతుంది.

ఎవరికైనా గాయమైతే వాదన మాని ముందు వైద్యం చేయించాలి. పోలీసులకూ బీమా కంపెనీకీ తెలపాలి. ఇది 1988 మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ డ్రైవరుపై పెట్టిన బాధ్యత.

గాయాలు లేనప్పుడు, గొంతు పెంచే బదులు ఫోన్ బయటికి తీయండి. బండ్లు కదపకముందే రెండు నంబర్లూ, చక్రాలు ఉన్న తీరూ, రోడ్డూ కనబడేలా ఫొటోలు తీసి, తర్వాత బండ్లను పక్కకు పెట్టండి. లైసెన్సు, పాలసీ వివరాలు ఇచ్చిపుచ్చుకోండి. చూసినవారి ఫోన్ నంబరు అడగండి. దగ్గరలోని దుకాణానికి కెమెరా ఉంటే ఆలస్యం చేయకుండా అడగండి. పాత రికార్డు చెరిగిపోతుంది.

బీమా లెక్క

థర్డ్ పార్టీ పాలసీ ప్రతి బండికీ తప్పనిసరి. అయితే అది మన బండి మరమ్మతుకు పైసా ఇవ్వదు. అందుకు ఓన్ డ్యామేజీ పాలసీ కావాలి. క్లెయిము చేయని మొదటి ఏడాదికి 20 శాతంతో మొదలై, వరుసగా ఐదేళ్లయితే 50 శాతం దాకా ఆ ప్రీమియంలో బోనస్ తగ్గింపు వస్తుంది. ఒక్క క్లెయిముతో అది పోతుంది. కనుక చిన్న సొట్టకు క్లెయిము చేసేముందు రెండు లెక్కలూ పక్కపక్కన వేసుకోవాలి.

మరొక మాట. కంపెనీ అనుమతి లేకుండా బాధ్యత ఒప్పుకోవద్దనీ, డబ్బు ఇస్తామని మాట ఇవ్వవద్దనీ పాలసీలో షరతు ఉంటుంది. కంపెనీ చేత కట్టించదలచినవారు ముందు కంపెనీకి తెలపాలి. ఈ షరతును అబద్ధానికి అనుమతిగా కొందరు వాడుకుంటారు. అది పొరపాటు. జరిగింది జరిగినట్లు చెప్పడం వేరు, డబ్బుకు హామీ పడటం వేరు.

మా వాడికి నాలుగేళ్ల బోనస్, అంటే 45 శాతం ఉంది. అవతలి అబ్బాయి తన పాలసీలో క్లెయిము చేసుకుంటే చేయని తప్పుకు అతని బోనస్ పోతుంది. అందుకే బీమా జోలికి పోకుండా అతని తలుపు ఖర్చు మేమే భరించాము. అతను చూపిన మేస్త్రీకే డబ్బు కట్టి, ఇక ఎవరికీ ఎవరిమీదా ఏమీ లేదని తేదీ, బండి నంబర్లతో కాగితం రాసి ఇద్దరూ సంతకాలు చేశారు.

మా వాడు ఆ తర్వాత చాలా రోజులు మా గడప తొక్కలేదు. నలుగురిలో పరువు తీశానని చెల్లెలి దగ్గర వాపోయాడట. బక్రీద్ నాడు వచ్చి సలాం చేశాడు. ఆ సంగతి ఇద్దరమూ ఎత్తలేదు. సాయంత్రం నన్ను ఇంటి దగ్గర దింపుతానని కారెక్కించుకుని, తాళం తిప్పేముందు తన ఫోన్ తీసి నా చేతికిచ్చాడు.