డిష్షు పెట్టిన యింటికి ఇంటర్నెట్టు

మన కరీంనగరము, ఆదిలాబాదు ప్రాంతములలో మిద్దెయిండ్లమీదను, రేకులయిండ్లమీదను చిన్న డిష్షు కనబడుట నేడు సామాన్యము. పూర్వము కేబులువారు వీథివెంట తీగ లాగి టెలివిజను చూపుచుండిరి. 2003వ సంవత్సరమున డిష్ టీవీయు, 2004 డిసెంబరులో దూరదర్శనువారి ఉచితపు డిష్షును, 2006లో టాటా స్కైయు వచ్చిన పిమ్మట అనేకులు కేబులు మాన్పించి డిష్షు పెట్టించుకొనిరి. అట్టివారికి కొంతకాలమునకు ఒక ప్రశ్న పుట్టుచున్నది. పిల్లల చదువునకు ఇంటర్నెట్టు కావలెను. దాని నెవరియొద్ద తీసికొనవలెను? ఇందుకు ముందుగా డిష్షు ఏమి చేయగలదో, ఏమి చేయజాలదో తెలిసికొనుట మంచిది.

భూమధ్యరేఖకు పైగా సుమారు 36,000 కిలోమీటర్ల యెత్తున ఉపగ్రహము భూమితో సమానముగా తిరుగుచుండుటచే మనకు కదలనట్లు తోచును. అది పంపు తరంగములను డిష్షు పోగుచేసి టెలివిజనున కందించును. కాని తాను తిరిగి ఒక్క అక్షరమైనను పైకి పంపజాలదు. ఇంటర్నెట్టు అట్టిది కాదు. మన మడిగినగాని అవతలివారు పంపరు. కావున “డిష్షు ఉన్నది గదా, దానిలోనే నెట్టు రాదా?” యని యడుగువారికి రాదనియే సమాధానము. ఉపగ్రహముద్వారా నెట్టు నిచ్చు యంత్రములు వేరుగా నున్నవి. వానికి పంపు సాధనము గూడ నుండును. అయినను 36,000 కిలోమీటర్ల యెత్తున నుండు ఉపగ్రహముద్వారా ప్రశ్న పోవుటకు పావు సెకను, జవాబు వచ్చుటకు మరియొక పావు సెకను పట్టును.

ఈ భేద మెంత ముఖ్యమో 2020వ సంవత్సరము మనకు నేర్పినది. కరోనా వ్యాధిచే పాఠశాలలు మూతబడగా, తెలంగాణ ప్రభుత్వము సెప్టెంబరు 1వ తేదీనుండి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ద్వారా పాఠములను ప్రసారము చేసెను. ఊరికి దూరముగా నున్న గూడెములోని బాలుడును టెలివిజనున్నచో పాఠము వినగలిగెను. కాని యర్థము కానిచో “అయ్యా, మరియొకసారి చెప్పుడు” అని యడుగుటకు ఆ పెట్టెలో త్రోవ లేదు. వినుట చదువులో సగము. అడుగుట తక్కిన సగము. ఇంటికి ఇంటర్నెట్టు తెచ్చుకొనుట యనగా ఆ యడుగు త్రోవను తెచ్చుకొనుట. ఎన్నుకొనునప్పుడు ఈ మాటనే కొలబద్దగా నుంచుకొనవలెను.

ఇండ్లకు నెట్టు ముఖ్యముగా మూడు విధముల వచ్చును. మొదటిది ఫైబరు, అనగా వెండ్రుకవలె సన్నని గాజుపోగుగుండ వెలుగును పంపు తీగ. బీఎస్ఎన్ఎల్, జియో, ఎయిర్‌టెల్ మొదలగువారు దీని నిత్తురు. రెండవది కేబులువారి తీగ. టెలివిజను మానివేసినను నెట్టు మాత్ర మిత్తురేమో వారిని అడుగవచ్చును. మూడవది సెల్లు టవరునుండి వచ్చునది. పట్టణములలో ఇది చాలును గాని, ఉట్నూరు, తిర్యాణి వంటి కొండలు అడవులుగల తావులలో కొండ యడ్డమువచ్చిన చోట సిగ్నలు తగ్గును. ఇవి గాక, మిషన్ భగీరథ నీటిగొట్టముల వెంబడి ఫైబరు వేసి గ్రామముల కందించు టీ-ఫైబరు అను ప్రభుత్వపు ఏర్పాటు కలదు. 2024 డిసెంబరులో దీనిని ప్రయోగముగా ఆరంభించిన గ్రామములలో పూర్వపు కరీంనగరము జిల్లాలోనిదగు అడవి శ్రీరాంపురము ఒకటి.

ఇక పరీక్షింపవలసిన సంగతులు. ప్రకటనలలో వేగమును మెగాబిట్లలో చెప్పుదురు. మనము దించుకొను పాఠముల పరిమాణము మెగాబైట్లలో నుండును. 8 బిట్లు ఒక బైటు. కావున 40 మెగాబిట్ల తీగలో సెకనునకు 5 మెగాబైట్లు మాత్రమే వచ్చును. 100 మెగాబైట్ల పాఠమునకు 20 సెకనులు పట్టును. ఒక్క పాఠము చూచుటకు మిక్కిలి వేగ మక్కరలేదు. ఇంటిలో నెందరు ఒకేసారి వాడుదురో లెక్కించి తీసికొనిన చాలును. వచ్చు వేగముతోపాటు పోవు వేగ మెంతయో తప్పక యడుగవలెను. బాలిక తన యుపాధ్యాయునకు మొగము చూపి మాటలాడవలెనన్న ఈ రెండవదే యాధారము. నెల కింతయని మితము దాటినపిమ్మట వేగము తగ్గింతురా? చెప్పిన ధరలో 18 శాతము జీఎస్టీ చేరినదా? రౌటరునకు డిపాజిటు, తీగ వేయుటకు రుసుము ఎంత? వీనిని రూకలు చెల్లింపక పూర్వమే వ్రాతమూలముగా తెలిసికొనవలెను.

అన్నిటికంటె ముఖ్యము మరమ్మతు. మన యూళ్లలో కోతులు తీగ లాగును; ఈదురుగాలికి చెట్టుకొమ్మ విరిగి పడును; కరెంటు పోయినచో రౌటరు ఆగును. తీగ తెగిననాడు ఎన్ని గంటలలో మనిషి వచ్చునో ప్రకటన చెప్పదు. అదే తీగ వాడుచున్న పొరుగింటివారు చెప్పుదురు. కావున పదిమంది ప్రకటనలు చదువుటకంటె నిద్దరు పొరుగువారి నడుగుట మేలు. ఫిర్యాదు చేసినప్పుడు దాని నంబరు వ్రాసి యుంచుకొనవలెను. జవాబు తృప్తికరము కానిచో అదే సంస్థయందు అప్పీలు వినుటకు నియమింపబడిన అధికారికి వ్రాసికొను హక్కు మనకు గలదు.

తలిదండ్రులకు తుదిమాట యొకటి. దూరదర్శనువారి డిష్షునకు నెలచందా లేదు. వినోదమునకు అది చాలుననుకొను కుటుంబము తక్కిన చందాలు మాని, ఆ సొమ్మును నెట్టునకు వినియోగింపవచ్చును. రౌటరు, కంప్యూటరు పెద్దలు కూర్చుండు ముందుగదిలో నుంచుడు. విద్యార్థులారా! తలిదండ్రులు కష్టార్జితముతో మీకు త్రోవ వేయించుచున్నారు. ఆ త్రోవన ప్రతిదినము ఒక మంచి ప్రశ్నయైనను పంపుడు.