ఏ ఊరికి ఏ గులాబీ?

ఊటీ వెళ్ళినవారు అక్కడి గులాబీలను చూసి ముచ్చటపడి ఒక అంటు కొని తెస్తారు. మన ఊళ్ళో మొదటి వేసవికే అది ఎండిపోతుంది. తప్పు మొక్కదా? నీళ్ళు పోసినవారిదా? కాదు, ఎంపికది.

గులాబీలన్నిటికీ పుట్టిల్లు ఒకటి కాదు. చలి దేశాల్లో కొమ్మలోని నీరు గడ్డకట్టి కణాలు దెబ్బతింటాయి. చలి ముదరకముందే ఎదుగుదల ఆపి నిద్రపోయే మొక్కే అక్కడ బతుకుతుంది. సైబీరియా, ఉత్తర జపాను తీరాల రోజా రుగోసా అలాంటిది. కెనడా శాస్త్రజ్ఞులు రుగోసా వంటి గట్టి జాతులతో సంకరం చేసి 'ఎక్స్‌ప్లోరర్' గులాబీలను సృష్టించారు. 1968 నాటి మార్టిన్ ఫ్రోబిషర్ వాటిలో ఒకటి.

మన చిక్కు వేరు. ఎండ ముదిరితే, వేళ్ళు పీల్చే నీటికంటే ఆకులనుంచి ఆవిరయ్యే నీరే ఎక్కువ. మొగ్గ తొందరగా విచ్చుకుంటుంది. పువ్వు చిన్నదై రంగు వెలిసిపోతుంది. అయితే మన దేశంలోనే రోజా క్లైనోఫిల్లా అనే అడవి గులాబీ ఉంది. వేడినీ, వేళ్ళ దగ్గర నిలిచిన నీటినీ కూడా ఓర్చుకుంటుంది. కొడైకెనాల్‌లో విరు వీరరాఘవన్ దీనితో సంకరం చేసి, వేడి ప్రాంతాలకు తగిన గులాబీలను పెంచారు.

కాబట్టి మొక్క కొనేటప్పుడు పువ్వును చూసి మురిసిపోకండి. మీ వీధిలో నాలుగు వేసవులు దాటి పూస్తున్న నాటు గులాబీ ఉందేమో చూడండి. పెన్సిలంత లావు కొమ్మ ఒకటి అడిగి తెచ్చి నాటండి. మన ఎండల పరీక్షలో అది ఇప్పటికే నెగ్గింది!